మున్షీ చేతికి చిక్కిన మొహర్

మన తిరువూరు అప్పట్లో ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఉండేది. 2017 మే 12, జుమా రోజు, వన్నాక్రై అనే కంప్యూటర్ బలా దునియా అంతా చుట్టేస్తూ ఆ జిల్లానూ వదల్లేదు. కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మర్నాడు ఖబర్ వచ్చింది. ఈ బలా సోకిన కంప్యూటర్లో ఫైళ్లకు తాళం పడేది. తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమని తెర మీద హుకుం కనిపించేది.

అందరూ డబ్బు గురించి మాట్లాడారు. నాకు మాత్రం వేరే సవాల్ పుట్టింది. ఎక్కడి నుంచో వచ్చిపడిన ఒక ప్రోగ్రాంకు మాలిక్ ఇఖ్తియార్ ఎలా దొరికింది? జవాబు కోసం కంప్యూటర్ల తారీఖ్‌లో అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

తొలి జమానాలో పెద్ద కంప్యూటర్ ముందు ఒకసారి ఒకరి పనే నడిచేది. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడే పద్ధతి చూపించారు. అక్కడే తకరారు మొదలైంది. ఒకరి కాగితాలు ఇంకొకరు చూడకూడదు కదా! అందుకే ఒక్కొక్కరికీ ఒక ఖాతా, ఆ ఖాతాకు కొన్ని హక్కులు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్‌లో అందరి పైన 'రూట్' అనే ఖాతా ఉంటుంది. దానికి ఏ దర్వాజా అడ్డం కాదు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పాస్‌వర్డ్‌లు ఉన్న ఫైలును రూట్ ఒక్కడే తిరగరాయగలడు. మరి మామూలు మనిషి తన పాస్‌వర్డ్ మార్చుకోవడం ఎలా? రిచీ ఒక ఇంతెజామ్ చేశారు. పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రాంను ఎవరు నడిపినా అది రూట్ ఇఖ్తియార్‌తోనే నడుస్తుంది, కానీ ఆ ఒక్క పనే చేసి దిగిపోతుంది. దీనికి 1979లో పేటెంట్ వచ్చింది. తహశీల్దార్ తన మొహర్‌ను మున్షీ చేతికిచ్చి, "ఈ ఒక్క రకం కాగితం మీదే వెయ్యి" అన్నట్టు. మొహర్ అమానత్.

ఎవరైనా ఆ కాగితాల మధ్యలో తన దస్తావేజు దూర్చి ముద్ర వేయించుకుంటే? కంప్యూటర్ వాళ్లు దీన్నే ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. చిన్న దర్జాతో లోపలికొచ్చి పెద్ద దర్జా కాజేయడం. మన తారీఖ్‌కు ఇది కొత్తేమీ కాదు. వ్యాపారం కోసం వచ్చిన ఈస్టిండియా కంపెనీ 1765లో షా ఆలం బాద్‌షా నుంచి బెంగాల్ దివానీ రాయించుకుంది. కాగితం ప్రకారం దక్కింది వసూళ్ల హక్కే. చివరికి ఏలింది కంపెనీయే. మన కొండపల్లి సర్కారు కూడా ఆ రోజుల్లోనే దాని చేతికి పోయింది.

కంప్యూటర్లలో ఇలాంటి కంతలు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోయాయి. కాసేపు రూట్ ఇఖ్తియార్ అప్పుగా ఇచ్చే 'సుడో' అనే ప్రోగ్రాంలో 2011లో పడిన తప్పు 2021 జనవరిలో గానీ బయటపడలేదు. లైనక్స్‌లో 2007 నుంచి ఉన్న 'డర్టీ కౌ' 2016లో దొరికింది. నకలు మీద రాసుకోమంటే, రెప్పపాటు హడావుడిలో అసలు మీదే రాసేయడం దాని తరీఖా. ఆండ్రాయిడ్ లోపల ఉన్నదీ లైనక్సే కాబట్టి మన జేబుల్లోని ఫోన్లకూ అది వర్తించింది.

వన్నాక్రై ఇంకో అడుగు ముందుకేసింది. మెట్లు ఎక్కే పనే పెట్టుకోలేదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఇంతెజామ్ వ్యవస్థ గుండెకాయలోనే నడుస్తుంది. అందులో కంత ఉండటంతో నెట్‌వర్క్ నుంచి వచ్చినవాడు నేరుగా మాలిక్ గద్దె మీదే వాలాడు. ఆ కంతను వాడుకునే హత్యార్ అమెరికా గూఢచారి సంస్థ ఎన్.ఎస్.ఏ. దగ్గర తయారై, 2017 ఏప్రిల్‌లో బజారున పడింది. మైక్రోసాఫ్ట్ మాత్రం మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. దాదాపు రెండు నెలల మోహ్లత్ ఉన్నా, ఆ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి.

ఇప్పుడు మన ఇళ్లు చూసుకుందాం. ఒకటే కంప్యూటర్, ఒకటే ఖాతా, అదీ అడ్మినిస్ట్రేటర్ ఖాతా. అబ్బా దుకాణం లెక్కలు, ఆపా సర్టిఫికెట్లు, తమ్ముడు ఎక్కడి నుంచో దించిన గేమ్, అన్నీ అందులోనే. అలాంటి చోట దొంగ మొహర్ కాజేయనక్కర్లేదు. మనమే బల్ల మీద పెట్టి ఉంచాం.

ఈ ఆదివారం ఓ అరగంట తీయండి. అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒకటి విడిగా ఉంచి, రోజువారీ పనికి మామూలు ఖాతాలు చేయండి. మామూలు ఖాతాలోకి చొరబడినవాడు పైకెక్కాలంటే ఒక కంత కావాలి. ఆ కంతను పూడ్చేది అప్‌డేట్. అందుకే "తర్వాత చూద్దాం" అనే బటన్ నొక్కకండి. అయినా మామూలు ఖాతాలోని ఫైళ్లకు కూడా తాళం పడొచ్చు. కాబట్టి నిఖానామా, ఇంటి దస్తావేజులు, పిల్లల మార్కుల మెమోల నకళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టండి.