భేజ్జి నుంచి ప్రయోగశాలకు

హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన ప్రయోగశాల 1956లో సీఎస్ఐఆర్ కిందికి వచ్చింది. నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అదే. ఇటువంటి జాతీయ సంస్థలలో విద్యార్థులు కొన్ని వారాలు శాస్త్రవేత్తల వెంట ఉండి పరిశోధన నేర్చుకోవడం క్రమేణా ఆనవాయితీ అయింది. అయితే ఆ దారి ప్రయోగశాల గుమ్మంలో కాదు, ఊరి బడిలో మొదలవుతుంది.

దక్షిణ బస్తర్‌లోని కోంటా ప్రాంతపు దోర్ల బిడ్డకు ఇంట దోర్లీ, సంతలో తెలుగు, బడిలో హిందీ. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత అక్కడ ఊళ్లే ఖాళీ అయ్యాయి. బడి భవనాలను కొన్నిచోట్ల మావోయిస్టులు కూల్చారు, కొన్నిచోట్ల బలగాలు ఆక్రమించాయి. వాటిని విడిచిపెట్టమని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

2017 మార్చి 11న భేజ్జి సమీపాన, రోడ్డు పనికి రక్షణగా వెళ్లిన 12 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు మావోయిస్టుల దాడిలో మరణించారు. అదే ఏడాది జులై 6న ఢిల్లీలో ‘జిజ్ఞాస’ పథకం ప్రారంభమైంది. 1,151 కేంద్రీయ విద్యాలయాలను 38 సీఎస్ఐఆర్ ప్రయోగశాలలతో కలిపి, ఏటా లక్షమంది విద్యార్థులకు శాస్త్రవేత్తలను దగ్గర చేయాలన్నది లక్ష్యం. మంచి ఆలోచనే. కానీ కేంద్రీయ విద్యాలయాలు ప్రధానంగా బదిలీలపై తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసం పుట్టినవి. భేజ్జిలో కాపలా కాసిన జవాను బిడ్డకు ఆ తలుపు తెరుచుకోవచ్చు. ఏ ఊరికోసం ఆ రోడ్డు వేశారో ఆ ఊరి బిడ్డకు, 2017లో ఆ పథకం మొదలైనప్పుడు, అందులో చోటు దాదాపు లేకపోయింది.

బస్తర్ బైలదిలా ఇనుపరాయి మాత్రం 1960ల చివరినుంచే విశాఖ రేవుకు చేరుతోంది. దాన్ని తవ్వే ఎన్‌ఎండీసీ పరిశోధనా కేంద్రం ఉన్నది హైదరాబాదు ఉప్పల్‌లో.