ఒంటి తీగ బండి, జంట తీగల బండి

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కబురు పెట్టినప్పుడు, సర్వీసులో ఉన్నన్నాళ్ళూ చేసిన పని గురించే వ్రాస్తే మేలనుకున్నాను. వాహనాల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా ముప్పై ఏళ్ళకు పైగా నా చేతులు ఆడింది జీపుల మీద, అంబాసిడర్ల మీదనే. ఈ మధ్య మా మేనల్లుడు బావగారి అంబాసిడర్‌ను కరెంటు బండిగా మార్చాలని ఉబలాటపడుతున్నాడు. "మామయ్యా, పాత వైర్లన్నీ పీకి పారేసి కొత్తవి వేయిద్దాం" అన్నాడు. "ఆగరా నాయనా, ఆ వైర్లు అలా ఎందుకున్నాయో ముందు తెలుసుకో" అన్నాను. వాడికి చెప్పిన సంగతులే కొంచెం వివరంగా ఇక్కడ వ్రాస్తున్నాను. ఇలాంటి ఉత్సాహం గల పిల్లలు మన సభ్యుల ఇళ్ళలోనూ ఉంటారు గదా.

కరెంటు కారు కొత్త వింత అనుకుంటాం గాని, అది పెట్రోలు కారుతో పాటు పుట్టినదే. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు బ్యాటరీ కారే. 1899 ఏప్రిల్ 29న ప్యారిస్ దగ్గర కమీల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు ఆ ఘనత సాధించాడు. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో ఆవిరివి 1,681, కరెంటువి 1,575. పెట్రోలువి 936 మాత్రమే. పెట్రోలు బండిని హ్యాండిల్ వేసి తిప్పాలి. ఇంజను వెనక్కి తన్నిందంటే చెయ్యి విరిగేది. ఆ బాధను 1912లో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ అమర్చి చార్లెస్ కెట్టరింగ్ తప్పించాడు. అంతకు ముందు ఆయన దుకాణాల క్యాష్ రిజిస్టరుకు చిన్న మోటారు పెట్టిన మనిషి. ఒక్క క్షణం గట్టిగా తిరిగి ఆగిపోయే మోటారు చాలునని ఆ పనిలోనే గ్రహించాడు. కరెంటు కారును వెనక్కి నెట్టిన కారణాలలో ఈ కరెంటు మోటారు ఒకటి కావడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించే విషయం. స్టార్టరుతో పాటే బ్యాటరీ, డైనమో, దీపాలు ఒకే ఏర్పాటు కిందికి వచ్చాయి. మనం వైరింగ్ అని పిలిచే తీగల కట్ట నిజంగా అక్కడే మొదలైంది.

ఆ కట్టలో ఒక పొదుపు ఉంది. దీపానికి కరెంటు వెళ్ళడానికి ఒక తీగ, తిరిగి రావడానికి మరొక తీగ కావాలి. కారు బాడీ అంతా ఇనుమే గనుక, తిరిగి వచ్చే దారిగా దానినే వాడుకున్నారు. అందుకే ప్రతి దీపానికీ ఒక్క తీగే కనిపిస్తుంది. మద్రాసులో 1953 వరకు నడిచిన ట్రాముల పద్ధతి కూడా ఇదే. పైన ఒక తీగ, కింద పట్టాల గుండా తిరుగు దారి. రబ్బరు చక్రాల ట్రాలీ బస్సుకు పట్టాలు లేవు గనుక దానికి పైన రెండు తీగలు ఉండి తీరాలి. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది.

మన అంబాసిడర్ ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్‌కు తోబుట్టువు. 1958 నుండి 2014 వరకు ఉత్తరపారాలో తయారైంది. దానితో పాటు బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ కంపెనీ వైరింగ్ పద్ధతి కూడా మనకు వచ్చింది. ఆ పద్ధతిలో రంగు చూస్తే పని తెలిసిపోతుంది. గోధుమ రంగు తీగ ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుండి వచ్చేది. ఎప్పుడూ ప్రాణంతో ఉంటుంది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజు గుండా వచ్చేది. ఊదా రంగు తాళంతో పని లేకుండా ఫ్యూజు గుండా వచ్చేది, హారన్‌కు అదే. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు చిన్న దీపాలకు, నలుపు ఎర్త్‌కు. నాకు పని నేర్పిన మేస్త్రీగారు చదువుకోలేదు గాని ఈ రంగులను ఎక్కాల్లాగా అప్పజెప్పించేవారు. ఆనాటి చాలా బ్రిటిష్ బండ్లలో మొత్తం మీద రెండే ఫ్యూజులు. హెడ్‌లైట్లకైతే అసలు ఫ్యూజు ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. 1930ల నుండి 1960ల వరకు బ్రిటిష్ కార్లలో ఎక్కువ భాగం పాజిటివ్ ఎర్త్‌వి, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. ఆల్టర్నేటర్లు, ట్రాన్సిస్టర్లు వచ్చాక నెగెటివ్ ఎర్త్‌కు మారారు. ఈనాటి కరెంటు సామాను నెగెటివ్ ఎర్త్‌నే కోరుతుంది. కాబట్టి ఎంత పాత బండి అయితే అంత జాగ్రత్తగా, ముందుగా బ్యాటరీ దగ్గర ఏ కొస బాడీకి పోయిందో చూడాలి. మార్చేటప్పుడు బల్బులకు ఇబ్బంది లేదు. అమ్మీటరు తీగలు తారుమారు చేయాలి. పాత రేడియో ఉంటే మాత్రం ముందుగా విప్పి పక్కన పెట్టాలి, లేకపోతే కాలిపోతుంది.

ఇప్పుడు మార్పిడి సంగతికి వస్తాను. ఇంజను తీసి మోటారు పెట్టిన బండిలో రెండు వేరు వేరు కరెంటులు కాపురముంటాయి. ఒకటి పాత 12 వోల్టులది. దీపాలకు, హారన్‌కు, వైపరుకు. రెండవది మోటారును నడిపే పెద్ద బ్యాటరీది. 96 వోల్టులు కావచ్చు, 144 కావచ్చు, 300 దాటవచ్చు. మొదటిది ఒంటి తీగ సంసారం, బాడీ మీద ఆధారపడి బ్రతుకుతుంది. రెండవది ట్రాలీ బస్సులాగా జంట తీగలది. దాని రెండు కొసలలో ఏదీ బాడీని తాకకూడదు. అంతర్జాతీయ నిబంధనలలో డీసీ 60 వోల్టులు దాటితే ప్రమాదకరమైన వోల్టేజీ కిందే లెక్క, దాని తీగలకు నారింజ రంగు తొడుగు ఉండాలి.

బాడీని తాకితే ఏమవుతుందని మేనల్లుడు అడిగాడు. మొదట ఒక కొస తాకితే ఏమీ కాదు, బండి మామూలుగానే నడుస్తుంది. అసలు భయం అందులోనే ఉంది. ఆ స్థితిలో మెకానిక్ ఒక చెయ్యి బాడీ మీద ఆనించి, రెండవ కొసను ముట్టుకున్నాడంటే కరెంటు అతని గుండె మీదుగా పోతుంది. అందుకే పెద్ద బ్యాటరీకి, బాడీకి మధ్య నిరోధం వోల్టుకు కనీసం 100 ఓమ్‌లు ఉండాలని నిబంధన. 144 వోల్టుల బ్యాటరీకి 14,400 ఓమ్‌లు. మంచి పనితనంలో అది లక్షల్లో ఉంటుంది. దీనిని ఎప్పటికప్పుడు కనిపెట్టి హెచ్చరించే పరికరం పెట్టించాలి. అది దండగ ఖర్చు అని చెప్పే మెకానిక్ దగ్గరకు బండి పంపవద్దని నా సలహా.

పాత తీగలను ఊడబెరకనవసరం లేదని ఇక్కడే తేలుతుంది. డైనమో ఉన్నచోట పెద్ద బ్యాటరీ కరెంటును 14 వోల్టులకు దించే కన్వర్టరు వస్తుంది. పాత లూకాస్ డైనమో 22 ఆంపియర్లు ఇచ్చేది; కన్వర్టరు అంతకంటే ఎక్కువే ఇవ్వగలదు. దానిని ఫ్యూజు ద్వారా పాత గోధుమ రంగు తీగకు కలిపితే చాలు, దీపాలన్నిటికీ తిండి అందుతుంది. కాయిల్‌కు పోయే తెల్ల తీగకు ఇక కాయిల్ లేదు. అది ఒక రిలే ద్వారా పెద్ద బ్యాటరీ కాంటాక్టరును లేపుతుంది. తాళం తీస్తే పెద్ద కరెంటు తెగిపోతుందన్నమాట. తెలుపు మీద ఎరుపు గీత ఉన్న స్టార్టరు తీగకు కొస చుట్టి పెట్టాలి. తెలుపు మీద గోధుమ గీత ఉన్న ఆయిల్ దీపం తీగ బ్యాటరీ వేడెక్కినప్పుడు హెచ్చరించడానికి పనికి వస్తుంది. పెట్రోలు ముల్లు బ్యాటరీ మిగులు చూపించేలా చేయవచ్చు.

కాంటాక్టరును ఒక్కసారిగా మూయకూడదు. మోటారు కంట్రోలరులోని కెపాసిటర్లు ఖాళీగా ఉంటే ఆ మొదటి ఉరుకుకు కాంటాక్టు కొసలు అతుక్కుపోతాయి. ముందు ఒక రెసిస్టరు ద్వారా కాస్సేపు నింపి, తర్వాత మూయాలి. మనింటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది గనుక స్విచ్చు తీస్తే నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు, రవ్వ సాగిపోతుంది. అందువల్ల ఫ్యూజు, స్విచ్చు, కాంటాక్టరు అన్నీ ఆ వోల్టేజీ డీసీకని వ్రాసి ఉన్నవే కొనాలి. ఇంట్లో చార్జి చేసేటప్పుడు మాత్రం బండి బాడీని ఇంటి ఎర్త్‌కు కలపాలి. మన పాత ఇళ్ళలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నా, వెనక ఎర్త్ తీగ లేని సందర్భాలు చాలా చూశాను. బండి కంటే ముందు ఆ ప్లగ్గును పరీక్ష చేయించండి.

కాగితాల సంగతి. మన దేశంలో ఇలాంటి మార్పిడికి 2016లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు దారి చూపాయి. కాని ఆమోదం పొందిన కిట్టే వాడాలి, ఆర్‌సీలో ఇంధనం మార్పు వ్రాయించాలి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటిన బండి అసలు రూపంలో ఉంటేనే ఆ హోదా. ఇంజను మార్చితే ఆ హోదాకు ఎసరు పెట్టినట్లే. బావగారి బండి ఆ వయస్సుకు దగ్గరలో ఉంది. ఆయన బతికుండగానే ఈ విషయం కూర్చుని తేల్చుకోమని చెప్పాను. తండ్రి బండి, తండ్రి మాట.

బ్రిటనులో 2018లో యువరాజు హ్యారీ పెళ్ళినాడు ఆయన నడిపింది 1968 నాటి జాగ్వార్‌ను కరెంటుకు మార్చిన బండి. అది చూసి చాలామంది మోజుపడ్డారు. మరుసటి సంవత్సరం పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య, అలాంటి మార్పును తాము ప్రోత్సహించలేమని, తప్పనిసరైతే మళ్ళీ వెనక్కి మార్చుకునేలా చేయాలని, తీసిన భాగాలను గుర్తు వేసి దాచాలని చెప్పింది. నా మటుకు అది సబబే. వైరింగ్‌లో ఒక్క తీగనూ కోయకుండా, ఉన్న కనెక్షన్ల దగ్గర విప్పి కొత్తవి కలపవచ్చు. విప్పిన ప్రతి కొసకూ చీటీ కట్టి, ఎక్కడిదో వ్రాయండి. డైనమో, కటౌట్, కాయిల్, సెల్ఫ్ మోటారు నూనె రాసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించండి. పాత ఇనుముల వాడికి మాత్రం వేయకండి.