గొర్రెపిల్లల పేగు ఎదుగుదల, మాంసకృత్తుల కొరత

గొర్రెపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి పాలు మరిచేదాకా దానికి మాంసకృత్తులు (ప్రోటీన్లు) చాలకపోతే చిన్నపేగు లోపలి పొర సరిగా ఎదగదు. తిన్నది ఒంటబట్టదు, రోగాలను ఆపే శక్తీ తగ్గుతుంది. కోడిపిల్లలు, దూడలు, పందిపిల్లల్లోనూ మూలసూత్రం ఇదే. దక్షిణ తెలంగాణ మెట్టలో మాత్రం ఇది ముందుగా జీవాల మందల సమస్య. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.9 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలో మొదటి స్థానం ఇదే. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు ఆ సంపదకు పట్టుకొమ్మలు. ఇక్కడ ఏ ఊళ్లోనైనా ఎండాకాలం గొర్రెకు దొరికేది కోసిన చేలలో మిగిలిన మోళ్లు, చొప్ప, వరిగడ్డి, తుమ్మకాయలే.

పేగుకు ఎందుకంత అవసరం

చిన్నపేగు లోపలి గోడ నిండా విల్లై అనే సన్నని మొలకలుంటాయి. జీర్ణమైన ఆహారాన్ని రక్తంలోకి పీల్చేవి ఇవే. వీటి మొదళ్లలోని గుంటల్లో (క్రిప్టుల్లో) కొత్త కణాలు పుట్టి, పైకి జరుగుతూ, మూడు నుంచి అయిదు రోజుల్లో రాలిపోతాయి. ఇలా కణాలు మారుతూ ఉండటానికి ప్రోటీన్ బాగా ఖర్చవుతుంది. పేగు బరువు శరీరంలో ఏ అయిదు శాతమో ఉంటుంది, కానీ ఒంట్లో జరిగే మొత్తం ప్రోటీన్ మార్పిడిలో 20 నుంచి 35 శాతం అక్కడే జరుగుతుంది. పైగా అన్ని అమైనో ఆమ్లాల వాటా ఒకేలా ఉండదు. గ్లుటమేట్‌ను పేగు కణాలు ఇంధనంగా కాల్చేస్తాయి. పేగును కప్పి ఉంచే జిగురుపొర తయారీకి థ్రియోనిన్ కావాలి. పందిపిల్లల మీద చేసిన కొలతల్లో, తిన్న థ్రియోనిన్‌లో సగానికి పైగా పేగే వాడుకుంటుందని తేలింది.

ప్రోటీన్ తగ్గినప్పుడు విల్లై పొట్టివవుతాయి. పాలచక్కెరను, పిండిపదార్థాలను విడగొట్టే ఎంజైములు పడిపోతాయి. జిగురుపొర పలచబడి, కణాల మధ్య అతుకులు సడలి, సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. అందుకే అలాంటి పిల్ల పారుకుంటుంది. పారుకున్న కొద్దీ ఉన్న ప్రోటీన్ కూడా పోతుంది.

కొరత తల్లి దగ్గరే మొదలు

గొర్రె చూడి కాలం సుమారు 150 రోజులు. పిల్ల పుట్టుక బరువులో దాదాపు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే వస్తుంది. ఆ వారాలు మేత లేని కాలంలో పడితే పిల్ల పేగు చిన్నగా తయారవడమే కాదు, తల్లికి ముర్రుపాలు కూడా తగ్గుతాయి. గొర్రెల్లో రోగనిరోధక ప్రతిరక్షకాలు మాయ దాటి పిల్లకు చేరవు. అవి ముర్రుపాలలోనే రావాలి. వాటిని చెక్కుచెదరకుండా పీల్చుకునే గుణం పేగుకు పుట్టిన మొదటి రోజుకే పరిమితం. పిల్ల బక్కగా ఉందని నెల తర్వాత దాణా పెట్టేవారు చాలామందే. తల్లికి చూడి చివర్లో గుప్పెడు పల్లీ చెక్క వేసేవారు తక్కువ. నా అంచనాలో ఎక్కువ ఫలితమిచ్చేది ఆ రెండో పనే.

నెమరు పొట్ట సంగతి

పుట్టిన పిల్లలో నెమరు పొట్ట పేరుకే ఉంటుంది. పాలు దాన్ని తప్పించుకుని నేరుగా నాలుగో పొట్టలోకి పోతాయి. రెండు మూడు వారాలకు పిల్ల ఆకు కొరకడం మొదలుపెడితే, ఆ మేత పులిసి పుట్టే ఆమ్లాల వల్ల, ముఖ్యంగా బ్యుటిరేట్ వల్ల, లోపలి గోడకు బుడిపెలు లేస్తాయి. బోటి కడిగేవారి చేతికి తువ్వాలులా తగిలే గరుకు అదే. మేతలో ప్రోటీన్ సుమారు 7 శాతం కన్నా తగ్గితే అక్కడి సూక్ష్మజీవులే ఆకలితో ఉంటాయి, పశువు తినడమూ తగ్గిస్తుంది. వరిగడ్డిలో ఉండేది మూడు నాలుగు శాతమే. యూరియా కలిపిన గడ్డి పెద్ద జీవాలకు పనికొస్తుంది గానీ, నెమరు పొట్ట ఎదగని పిల్లలకు అది విషమే.

నట్టలు ఈ చిక్కును ఇంకా పెంచుతాయి. కొన్ని రకాలు పేగు విల్లైని చదును చేస్తాయి, కొన్ని నాలుగో పొట్టలో రక్తం పీలుస్తాయి. మంచి ప్రోటీన్ అందిన జీవం నట్టలను బాగా తట్టుకుంటుంది. మేత లేకుండా నట్టల మందు ఒక్కటే తాగిస్తే సగం పనే అవుతుంది.

పరిశోధన, ఎదురు వాదన

తిండి లోపానికీ పేగుకూ ఉన్న లంకెను కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ పావురాలు, కోతుల మీద పరిశీలించి 1921లో పుస్తకంగా వేశారు. ఆయన 1918లో మొదలుపెట్టిన కేంద్రమే తర్వాత హైదరాబాద్‌కు మారి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆయన వాడిన తిండిలో విటమిన్ల లోపమూ కలిసే ఉంది, కాబట్టి ఆ ఫలితాలను ప్రోటీన్ ఒక్కదానికే అంటగట్టలేం. అదే సంస్థకు చెందిన సి. గోపాలన్ 1968లో, క్వాషియోర్కర్, మరాస్మస్ అనే పోషకలోప జబ్బులు వచ్చిన మనుషుల పిల్లల తిండి మధ్య పెద్ద తేడా లేదని చూపారు. ప్రోటీన్ కరువును మొత్తం ఆకలి నుంచి విడదీయడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రోటీన్ ఎక్కువైనా ముప్పే. పాలు మరిచిన పందిపిల్లల్లో అరగని ప్రోటీన్ పెద్దపేగులో కుళ్లి విరేచనాలు తెస్తుంది. అందుకే ప్రోటీన్‌ను 23 శాతం నుంచి 18 దాకా దించి, లైసిన్, మెథియోనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్ విడిగా కలిపే పద్ధతి వచ్చింది. ఆ విరేచనాలను ఆపడానికి వాడే మందు మోతాదు జింక్ ఆక్సైడ్‌ను 2022లో యూరోపియన్ యూనియన్‌లో నిషేధించాక దీనికి గిరాకీ పెరిగింది. మన మందల్లో తొలకరి లేతగడ్డి ఒక్కసారిగా మేసినప్పుడు వచ్చే చిటుకు రోగం కూడా మేత ఉన్నట్టుండి బలంగా మారడం వల్లే ముదురుతుంది. వానలకు ముందే టీకా వేయించేది అందుకే.

మేతలో దిద్దుబాటు

పిల్లలకు విడిగా పెట్టే దాణాలో 18 నుంచి 20 శాతం ప్రోటీన్ ఉండాలి. పల్లీ చెక్కలో 40 శాతం పైనే ఉంటుంది, సుబాబుల్ ఆకులో ఇరవై శాతం చుట్టుపక్కల. పల్లీ పండే వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలకు చెక్క కొత్తేమీ కాదు. తేమ తగిలి బూజు పట్టిన చెక్కలో మాత్రం అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మంచి మేత దొరికితే పేగు పొర కొద్ది వారాల్లోనే చాలావరకు కోలుకుంటుంది. మొదటి రోజు తప్పిపోయిన ముర్రుపాల ప్రతిరక్షకాలను మాత్రం ఏ దాణా తిరిగి ఇవ్వలేదు.