తాస్తెవాఁ అను వెండి పరీక్షాపాత్రము

పానపాత్రము వేఱు, పరీక్షాపాత్రము వేఱు. అమరకోశమున చషకము పానపాత్రమునకుఁ బర్యాయముగాఁ జెప్పఁబడినది. కాని త్రాగుటకుఁ గాక, రంగును రుచిని నిర్ణయించుటకు మాత్రమే చేయించిన గిన్నెకు ఆ మాట చాలదు. ఫ్రాన్సుదేశమున బర్గండీ మండలపు ద్రాక్షామద్యవర్తకులు వాడిన అట్టి గిన్నెకు తాస్తెవాఁ అని పేరు. ప్రాచీన ఫ్రెంచిభాషయందు పూర్వపదమునకుఁ దాఁకి చూచుట, రుచి చూచుట అని యర్థము, ఉత్తరపదము ద్రాక్షామద్యము.

దీనిని అలంకారప్రాయమగు చిన్న చషకమని తలఁచువారు కలరు. అది పొరపాటని పాత్రముయొక్క యాకారమే చెప్పుచున్నది. వెడల్పు మూఁడంగుళములకుఁ గొంచె మెక్కువ. లోఁతు అంగుళము ప్రాంతము. ఒక ప్రక్క వ్రేలు దూర్చుటకుఁ గడియమును, దానిపై బొటనవ్రేలు ఆనుటకు రేకును ఉండును. అడుగుభాగము నడుమ బొడిపెగా లేచియుండును. దానిచుట్టు ఒక సగమున గుండ్రని గుంటలును, రెండవ సగమున ఏటవాలు చారలును దీర్పఁబడియుండును. దాహము తీర్చుకొనఁ దలఁచినవాఁ డిట్టి గిన్నెను చేయించుకొనఁడు.

ఈ గుంటలకుఁ గారణము చీఁకటి. బర్గండీలో మద్యమును పీపాలలో నింపి నేలమాళిగలయందుంచుట యాచారము. అచ్చట చల్లదనము మారదు, పగటివెలుఁగు చొరదు. కొనవచ్చిన వర్తకుఁడు పీపానుండి కొంచెము తీయించి, క్రొవ్వొత్తి దీపమున దాని తేటను, రంగును, వయస్సును నిర్ణయింపవలెను. లోఁతైన పాత్రమున ఎఱ్ఱని మద్యము దీపమునొద్ద నల్లగానే తోఁచును. తాస్తెవాఁయందో, అది బొడిపెపైఁ బలుచనిపొరయై, గుంటలలోఁ జిక్కనై నిలుచును. దీపకాంతి మద్యమునందుఁ జొచ్చి, వెండినిఁ దాఁకి, మరల మద్యముగుండనే వెలికివచ్చును. ఒక్క చూపున రంగుయొక్క పలుఛాయలు కానవచ్చును. మడ్డి యున్న దాఁగదు. గుంటలవైపు ఎఱ్ఱనిదానికి, చారలవైపు తెల్లనిదానికి అని చెప్పుదురు. ఆ విభాగమును అంత ఖండితముగాఁ బట్టనక్కఱలేదని నా యభిప్రాయము. కాంతిని చెదరఁగొట్టి త్రిప్పుటయే రెంటికిని పని. బోర్డోపట్టణపు తెగ పాత్రమునకుఁ బిడియును లేదు, గుంటలును లేవు. ఎత్తైన బొడిపె యొక్కటియే యా పని చేయును.

ఇఁక వెండి యేల? ఆడంబరమునకు అనువారికి మన వంటయింటినుండియే యుత్తర మీయవచ్చును. కళాయి లేని యిత్తడిగిన్నెలో పులుసు కాచిన కిలుమెక్కి రుచి చెడుట యెల్ల రెఱిఁగినదే. ద్రాక్షామద్యమునను పులుపు కలదు. రాగియు నిత్తడియుఁ బనికిరావు. వెండి యా పులుపునకు లొంగదు, తన రుచి నీయదు, జేబులోఁ బడియున్నను పగులదు, తెల్లనికాంతిని దాదాపు యథాతథముగాఁ ద్రిప్పును.

చరిత్రకారునకు ఈ పాత్రము మఱియొక విధమున విలువైనది. బోన్ పట్టణమున షాంపీవారి వర్తకసంస్థ 1720లోను, బుషార్‌వారిది 1731లోను బయలుదేఱినవి. అట్టి వర్తకము పెరిగిన శతాబ్దపుఁ బాత్రములు నేఁడు ప్రదర్శనశాలలలో పెక్కు కలవు. వానిలోఁ జాలవాని యంచుచుట్టును సొంతదారుని పేరు చెక్కఁబడియున్నది. రాజులవి కావా పేరులు, తోఁటకాపులవి, వర్తకులవి. దానికిఁ దోడు కంసాలిముద్రలు కలవు. విప్లవమునకు ముందు ఆయా పట్టణముల కంసాలిసంఘములు ముద్ర వేసెడివి. 1797 నవంబరు శాసనముచే దేశమంతటికిని క్రొత్తముద్రలు వచ్చినవి. పేరును ముద్రయుఁ గలిసినచో, తానుగా నేమియు వ్రాసి యుంచని మనుష్యుని కాలము, చోటు, వృత్తి తెలియవచ్చును. మనము తామ్రశాసనమును జదివినట్లు దీనిని జదువవలెను. మెఱుఁగుకొఱకు అంచును అరుగఁదోమువారు శాసనమును గీఁకివేయువారితో సమానులు.

గాజుపాత్రము ప్రబలి, నేలమాళిగలకు విద్యుద్దీపము వచ్చినతోడనే తాస్తెవాఁ పని తగ్గినది. దానికొక సహజలోపమును గలదు: వెడల్పగు నోటినుండి పరిమళ మెగిరిపోవును. మద్యపరీక్షకై 1977లో వెలువడిన అంతర్జాతీయప్రమాణము మొగ్గవలె పైని సన్నగిలిన గాజుపాత్రమునే నిర్దేశించినది. పని పోయినను గౌరవము పోలేదు. అమ్మకములు మందగించిన యార్థికసంక్షోభకాలమున, 1934 నవంబరులో, న్యూయి-సాఁ-జోర్జి యను నూర జోర్జి ఫేవ్‌లే, కమీ రోదియే యనువారలు బర్గండీ మద్యముల ఖ్యాతికై యొక సంఘమును స్థాపించి, దానికి తాస్తెవాఁ వీరుల సంఘమని పేరిడిరి. ఆ సంఘము 1944లో క్లో ద వూజో కోటను సంపాదించినది. పూర్వ మా తోఁట సీతో మఠమువారిది. సభ్యులు ఎఱుపు బంగారువన్నెల పట్టీకిఁ గట్టిన తాస్తెవాఁను మెడలో వేసికొని ఆ కోటలో విందునకుఁ గూర్చుందురు. వారి యెదుట మద్యము పోయునది గాజుపాత్రములలోనే.