ఉంగరం బిగుసుకుంటే గుండె చూపించుకోవాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరికైనా మొహం ఉబ్బినా, కాళ్ళు వాచినా ఇంట్లో ముందు వచ్చే మాట కిడ్నీ. వెంటనే క్రియాటినిన్ పరీక్షకు పరుగు. కిడ్నీ జబ్బుతో ఆ ఊళ్ళు పడ్డ బాధ తెలిసినవాళ్ళు ఈ భయాన్ని తప్పుపట్టరు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచింది ఆ జబ్బు కోసమే. అయితే క్రియాటినిన్ బాగానే ఉండి, ఉంగరం వేలికి పట్టకుండా పోతూ, చెప్పుల సైజు పెరుగుతూ, కింది దవడ ముందుకొస్తూ ఉంటే? అప్పుడు చూడాల్సింది మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిని.

ఈ జబ్బుకు అక్రోమెగలీ అని పేరు పెట్టినవాడు పియర్ మారీ. 1886లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో ఇద్దరు రోగులను చూసి రాశాడు. మరో తొమ్మిదేళ్ళకే, 1895లో, ఫ్రెంచి వైద్యుడు ఆన్రీ హ్యూషార్ ఈ రోగుల గుండె కూడా దెబ్బతింటోందని గుర్తించాడు. గుండె సంగతి అంత పాతది. అయినా నేటికీ చాలామందిలో జబ్బు బయటపడేసరికి ఏళ్ళు గడిచిపోతున్నాయి.

1909 ముఖ్యమైన ఏడాది. అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ ఓ రోగి పిట్యూటరీలో కొంత భాగం తీసేస్తే లక్షణాలు తగ్గాయి. 1783లో 22 ఏళ్ళకే చనిపోయిన ఐర్లండ్ ఆజానుబాహుడు చార్లెస్ బైర్న్ అస్థిపంజరం లండన్‌లో ఉండేది. 1909లోనే కుషింగ్ దాని పుర్రె తెరిపించి చూశాడు. గ్రంథి కూర్చునే గుంట బాగా పెద్దదై ఉంది.

ఆ గ్రంథిలో పుట్టే గడ్డ సాధారణంగా క్యాన్సర్ కాదు. కానీ గ్రోత్ హార్మోన్‌ను అదుపు లేకుండా వదులుతుంది. దాని ప్రేరణతో లివర్ ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. రెండూ గుండె కండరం మీద పనిచేస్తాయి. మొదట్లో గుండె మరింత బలంగా కొట్టుకుంటుంది. తర్వాత గోడలు మందమై బిగుసుకుని, రక్తం నిండడానికి సరిగా సడలవు. వైద్యం లేకుండా ఏళ్ళు గడిస్తే పంపింగ్ తగ్గి ఆయాసం, కాళ్ళవాపు వస్తాయి. ఉద్దానంలో దాన్ని కిడ్నీ వాపు అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. బీపీ, షుగర్, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం కూడా తోడైతే గుండెకు మరింత భారం.

1973లో రోజర్ గిలెమిన్ ప్రయోగశాలలో, గ్రోత్ హార్మోన్‌ను అణిచే సొమాటోస్టాటిన్ దొరికాక మందులకు దారి పడింది. గడ్డను ఇప్పుడు ముక్కు గుండానే తీస్తున్నారు. హార్మోన్ అదుపులోకి వస్తే మందమైన గోడ కొంత తగ్గుతుంది. వయసులో ఉన్నవాళ్ళలో ఈ మేలు ఎక్కువ.

అనుమానం వస్తే ముందు చేయించాల్సింది ఐజీఎఫ్-1 రక్తపరీక్ష. జబ్బు తేలితే మెదడుకు ఎమ్మారై, గుండెకు ఎకో. పలాస, టెక్కలి నుంచి విశాఖ కేజీహెచ్ ఎండోక్రైనాలజీ విభాగానికి వెళ్ళేవాళ్ళు పాత పెళ్ళి ఫొటో ఒకటి వెంట తీసుకెళ్ళడం మంచిది. మొహం ఏళ్ళ తరబడి నెమ్మదిగా మారుతుంది కాబట్టి రోజూ చూసే ఇంటివాళ్ళకు ఆ తేడా తెలియదు.