డాక్టర్ రొబోట్నిక్స్ మీన్ బీన్ మెషీన్
డాక్టర్ రొబోట్నిక్స్ మీన్ బీన్ మెషీన్ 1993లో సెగా సంస్థ మెగా డ్రైవ్ కొరకు విడుదల చేసిన పజిల్ వీడియో గేమ్. పేరు కొత్తదైనా ఆట పాతదే. 1991లో జపాన్‌లో కంపైల్ సంస్థ రూపొందించిన పుయో పుయోకు ఇది వేషం మార్చిన రూపం. మూలంలోని ఆర్లే అను బాలిక, ఆమె ప్రత్యర్థులు పాశ్చాత్య దేశాలలో ఎవరికీ తెలియరు. అందువలన వారి స్థానంలో అదే సంవత్సరం అమెరికా టెలివిజన్‌లో మొదలైన అడ్వెంచర్స్ ఆఫ్ సోనిక్ ది హెడ్జ్‌హాగ్ కార్టూన్‌లోని ప్రతినాయకుడు రొబోట్నిక్‌ను, అతని మరబంట్లైన స్క్రాచ్, గ్రౌండర్, కోకోనట్స్ మొదలగువారిని చేర్చారు. విచిత్రమేమనగా, కథానాయకుడైన సోనిక్ మాత్రం ఇందులో కనిపించడు.

కథ

లోకంలో సంగీతం, వినోదం లేకుండా చేయదలచిన రొబోట్నిక్, బీన్‌విల్ వాసులైన చిక్కుడు గింజలను బంధించి మరమనుషులుగా మార్చబూనుతాడు. వారిని విడిపించుటయే ఆటగాని పని.

ఆట విధానం

గింజలు పైనుండి జంటలుగా రాలుతాయి. వాటిని త్రిప్పుతూ, ఒకే రంగువి నాలుగు తాకునట్లు పేర్చినచో అవి మాయమవుతాయి. ఆ ఖాళీలోకి పై గింజలు జారి మరొక నాలుగు కలిసినచో గొలుసు ఏర్పడి, ప్రత్యర్థి వైపు అడ్డుగింజలు పడతాయి. ఆట రక్తికట్టేది ఈ గొలుసులతోనే. కథాభాగంలోని 13 అంచెలలో చివరివి పెద్దలకు కూడా కష్టమే. తీరికగా ఆడదలచినవారికి ప్రత్యర్థి లేని అభ్యాస విభాగం కూడా కలదు.

1995లో ఉత్తర అమెరికాలో ఇదే పుయో పుయో నింటెండో వారి కిర్బీ పాత్రలతో కిర్బీస్ అవలాంచ్ పేరిట వెలువడినది.