కామరూపి బొమ్మ

కీ ఇస్తే నడిచే బొమ్మ, తల ఊపే బొమ్మ, కళ్ళు మూసి తెరిచే బొమ్మ మనకు కొత్త కావు. లారీగా ఉన్న బొమ్మ చూస్తూండగానే మడతలు విప్పుకొని, చేతులూ కాళ్ళూ తలా గల వీరుడై నిలబడడం మాత్రం ఇటీవలి ముచ్చట. కామరూపుల కథలు వింటూ పెరిగిన వారికి ఇందులోనూ వింత లేకపోవచ్చు. మారీచుడు లేడి కాగా లేనిది, లారీ మనిషి కావడమేమంత గొప్ప? అయితే ఆ బొమ్మ రెండడుగుల ఎత్తున, కళ్ళలో దీపాలతో, గొంతులో మాటలతో దుకాణంలో నిలబడి, ఇంటి పిల్లవాడు దానిని విడిచి కదలనప్పుడు, వెల చూచిన పెద్దలు తమలో తాము ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఇంత డబ్బు దేనికి ఇస్తున్నాము? ప్లాస్టిక్కుకా, మోటార్లకా, మరి దేనికైనానా? దీనికి జవాబు ఈ బొమ్మ వంశచరిత్రలో కొంత దొరుకుతుంది.

మరమనిషి అని మనం చెప్పుకొనే దానికి లోకమంతటా వాడుకైన 'రోబో' అనే పేరు చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకం ద్వారా వచ్చినది. 1920లో అచ్చయి, 1921 జనవరిలో ప్రాగ్ నగరంలో ప్రదర్శింపబడిన 'ఆర్.యు.ఆర్.' అనే ఆ నాటకంలో మనుషులే తయారుచేసిన పనివాళ్ళుంటారు. వారికి తగిన పేరు కోసం వెతుకుతూంటే, చిత్రకారుడైన అన్న యోసెఫ్ ఆ మాట అందించాడు. 'రొబోత' అంటే వెట్టిచాకిరి. ఆ పదార్థాన్ని తెలుగువారికి వేరే వివరించనక్కరలేదు. యజమాని కొరకు పాటుపడేది, తనకంటూ మనసు లేనిది అనే భావం ఆ పేరులోనే ఉన్నది. అటువంటి పేరు మోసుకొని వచ్చినది పిల్లలకు ప్రాణమిత్రుడు కావడానికి అరవై ఏళ్ళు పైగా పట్టినది.

పేరు ఐరోపాది గాని, బొమ్మ మాత్రం జపానుది. ఆ దేశంలో 'కరకురి' అనే మరబొమ్మల విద్య చిరకాలంగా ఉన్నది. టీ అందించే బొమ్మ ఒకటి మిక్కిలి ప్రసిద్ధం. దాని చేతిలోని పళ్ళెంలో నిండు కప్పు పెడితే అది అతిథి వైపు నడచి వస్తుంది. అతిథి కప్పు తీసుకోగానే ఆగుతుంది. ఖాళీ కప్పు తిరిగి పెడితే వెనుకకు మళ్ళి వెళ్ళిపోతుంది. దాని లోపలి పళ్ళచక్రాలను, తిమింగిలం నోటి పలకలతో చేసిన స్ప్రింగును హొసొకావా హంజో అనే శిల్పి 1796 నాటి తన గ్రంథంలో బొమ్మలు గీసి వివరించాడు. ఇటువంటి బొమ్మలతో పేరు పొందిన తనాకా హిసషిగే 1875లో టోక్యోలో స్థాపించిన కర్మాగారమే తరువాత తొషిబా కంపెనీకి ఒక మూలమైనది. బొమ్మలు చేసిన చెయ్యే యంత్రాలూ చేసినదన్నమాట. టీ బొమ్మలో మేము గమనించవలసినదిగా భావించేది ఇంకొకటి ఉన్నది: మనిషి చెయ్యి తగిలితేనే అది నడిచేది, మనిషి చెయ్యి తగిలితేనే ఆగేది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో జపాను నగరాలు బూడిదకుప్పలై ఉన్నవి. ఆ ఏడాది చివరలోనే కొసుగె మత్సుజో అనే బొమ్మల పనివాడు అమెరికా సైనికులు పారవేసిన ఆహారపు డబ్బాల రేకుతో చిన్న జీపు బొమ్మలు చేసి క్యోటోలో అమ్మించాడు. గెలిచిన వాడి జీపు, గెలిచిన వాడి డబ్బా, ఓడిన వాడి చెయ్యి. కొద్ది ఏళ్ళలోనే రేకుబొమ్మలు జపానుకు డాలర్లు సంపాదించే ఎగుమతులలో చేరినవి. 1950 దశకంలో బ్యాటరీతో నడిచే రేకు మరమనుషులు, కళ్ళు మిణుకుమిణుకుమంటూ, ఓడలెక్కి అమెరికా చేరినవి.

1972లో నగాయ్ గో అనే చిత్రకథకుడు 'మజింగర్ జెడ్' అనే కథలో మహాకాయుడైన మరమనిషిని సృష్టించి, వాడి తలలో ఒక కుర్రవాడిని కూర్చోబెట్టాడు. మావటి ఏనుగు మీద కూర్చున్నట్లు కుర్రవాడు కూర్చుని నడుపుతాడు. మరుసటి ఏడు పోపీ అనే కంపెనీ ఆ మజింగరును దాదాపు రెండడుగుల బొమ్మగా చేసినది. షాంపూ సీసాలు చేసే తరహా ప్లాస్టిక్కుతో చేసినందున అది తేలికగా, దృఢంగా ఉండేది. ఈనాటి పెద్ద బొమ్మకు అది ముత్తాత.

మరొక శాఖ అమెరికాలో మొదలైనది. హాస్‌బ్రో కంపెనీ 1964లో 'జి.ఐ. జో' అనే అడుగెత్తు సిపాయి బొమ్మను తెచ్చినది. జపానులో టకారా కంపెనీ ఆ బొమ్మను అనుమతితో తీసుకొని, 1972లో పారదర్శకమైన దేహంతో, లోపలి యంత్రాలు కనిపించేటట్లు మార్చినది. 1973లో చమురు ధరలు పెరిగి ప్లాస్టిక్కు ప్రియమైనది; 1974లో వచ్చిన 'మైక్రోమాన్' అరచేతిలో ఇమిడే బొమ్మ అయినాడు. 1980లో 'డయాక్లోన్' వరుస వచ్చినది. 1982 నుండి అందులో అసలు కార్ల నమూనాలకు అచ్చు గుద్దినట్లుండే చిన్న కార్లు మరమనుషులుగా మారసాగినవి. ఒహ్నో కోజిన్, కవమోరి షోజి వంటి రూపశిల్పులు దీనికి పడిన శ్రమ సామాన్యం కాదు. కారు తలుపు చెయ్యి కావలెను, బానెట్టు రొమ్ము కావలెను, కారుగా ఉన్నప్పుడు కాళ్ళు కనిపించకూడదు, మనిషిగా నిలిచినప్పుడు పడిపోకూడదు. విడదీయకుండా, ముక్క పోకుండా, పిల్లవాడి వ్రేళ్ళకు లొంగేటట్లు ఇది జరగవలెను.

ఈ డయాక్లోన్ కార్లలో ఒక అంగుళం మించిన చిన్న మనిషి బొమ్మ కూర్చునేవాడు. అంటే అప్పటికి మరమనిషి ఇంకా వాహనమే, నడిపేవాడు వేరు. ఈ ఒక్క మాట పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలసినదిగా కోరుతున్నాము.

ఈ బొమ్మలు సముద్రం దాటడానికి కారకులైన వారిలో హెన్రీ ఒరెన్‌స్టైన్ ముఖ్యుడు. 1923లో పోలెండులో పుట్టిన యూదుడు. తల్లిదండ్రులను నాజీలు చంపారు. తాను అయిదు నిర్బంధ శిబిరాలలో బ్రతికి బయటపడ్డాడు. రసాయనశాస్త్రం తెలియకపోయినా, శిబిరంలో శాస్త్రజ్ఞులు కావలెనన్నప్పుడు తన పేరు ఇచ్చుకొని ప్రాణం దక్కించుకున్నాడు. అమెరికా చేరి బొమ్మల వ్యాపారంలో దిగి, గెలిచి, ఓడి, మళ్ళీ నిలదొక్కుకున్నాడు. జపాను నుండి వచ్చిన రూపం మార్చే బొమ్మను చూచి, ఇందులో పెద్ద సంగతి ఉన్నదని హాస్‌బ్రో వారిని టకారాతో ఒప్పందానికి ప్రేరేపించిన వాడు ఇతడే. వేషం మార్చుకొని బ్రతికిన మనిషికి వేషం మార్చే బొమ్మ నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

హాస్‌బ్రో కొన్నది పొందిక లేని సరుకు. డయాక్లోన్ కార్ల ప్రక్కన మైక్రోమాన్ వరుసలోని పిస్తోలు, టేపు రికార్డరు, రేడియో బొమ్మలు ఉన్నవి. ఆ రేడియో బొమ్మ జపానులో నిజంగానే పాడేది. అమెరికాలో దాని గొంతు తీసివేసి ఉత్త బొమ్మగా అమ్మారు. ఈ సంగతి తెలిసినప్పుడు రేడియోవారమైన మాకు కొంచెం కష్టం కలిగినమాట నిజం. ఈ కలగాపులగానికి ఒక కథ కావలెనని హాస్‌బ్రో మార్వెల్ సంస్థను అడిగినది. సంపాదకుడు జిమ్ షూటర్ కథ మూలం వ్రాయగా, బాబ్ బుడియాన్‌స్కీ అనే ఉద్యోగి హడావిడిగా అత్యధిక భాగం బొమ్మలకు పేరు, స్వభావం, బలం, బలహీనత కల్పించాడు. ఒకడు పిరికి, ఒకడు గర్వి, ఒకడు మాటకారి. ప్రతినాయకునికి పెట్టిన మెగట్రాన్ అనే పేరు భయంకరంగా ఉన్నదని కంపెనీవారు సందేహిస్తే, ప్రతినాయకుడు భయంకరంగానే ఉండాలి గదా అని నచ్చజెప్పాడు. లారీగా మారే నాయకునికి ఆప్టిమస్ ప్రైమ్ అనే పేరు మాత్రం డెన్నీ ఓనీల్ అనే మరొక రచయితది.

అసలు మార్పు ఇక్కడ జరిగినది. లోపలి చిన్న మనిషిని తీసివేశారు. ఇక నడిపేవాడు లేడు. లారీయే నాయకుడు, లారీకే మనసు. మన దేవాలయాలలో శిల్పి పని ముగిసిన తరువాత ప్రాణప్రతిష్ఠ అని వేరే ఒక క్రియ ఉన్నది. శిల్పులు జపానువారు, ప్రతిష్ఠ చేసినది అమెరికాలోని ఒక కథల కార్యాలయం.

1984 సెప్టెంబరులో టెలివిజన్ కార్టూన్ ప్రారంభమైనది. బొమ్మ కోసమే కార్యక్రమం తయారుచేయడాన్ని 1969 నుండి అమెరికా ప్రసారాధికారులు అడ్డుతూ వచ్చారు. 1984లో ఆ పట్టు సడలించారు. పిల్లల కార్యక్రమాలలో వ్యాపార ప్రకటనలకు గంటకు ఇన్ని నిమిషాలేనని మళ్ళీ హద్దు పెట్టినది 1990 నాటి చట్టం. అమ్మడమే ఉద్దేశమైన ఈ కార్యక్రమంలో ఒక మంచి పని కూడా జరిగినది. ఆప్టిమస్‌కు కంఠమిచ్చిన పీటర్ కల్లెన్, పరీక్షకు వెళ్ళేముందు, వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన అన్న ల్యారీతో మాట్లాడాడు. నిజమైన వీరుడు అరవడు, బలమున్నవాడు మృదువుగా ఉండగలడు అన్నట్లు అన్న చెప్పిన సలహాను మనసులో పెట్టుకొని, మెల్లగా, లోతుగా, అన్న గొంతును తలుచుకుంటూ మాట్లాడాడు. మైక్రోఫోను ముందు పనిచేసే వారికి ఇది బోధపడుతుంది. తెర వెనుక నిలిచి తోలుబొమ్మకు మాటలిచ్చే మన ఆటగానికి మరింత బాగా బోధపడుతుంది. తోలుకు గాని, ఇనుముకు గాని కంఠమే ప్రాణం.

ప్రాణం పోసినవారికి ఆ సంగతి తెలియలేదు. 1986 ఆగస్టులో విడుదలైన పూర్తి నిడివి కార్టూన్ చిత్రంలో, ప్రారంభమైన కొంత సేపటికే, ఆప్టిమస్ ప్రైమ్ గాయపడి మరణించాడు. కారణం కథలో లేదు, కొట్టులో ఉన్నది: 1984 నాటి సరుకు పాతబడినది, కొత్త సరుకుకు చోటు కావలెను. హాలులో పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. తల్లిదండ్రులు వారిని ఊరడించలేక తీసుకుపోయారు. పిల్లలకు అతడు ఇంతటివాడని తమకు తెలియదని చిత్రానికి పనిచేసిన రచయిత ఫ్లింట్ డిల్ తరువాతి కాలంలో చెప్పాడు. ఆ దెబ్బకు జి.ఐ. జో చిత్రంలో చావవలసిన నాయకుని చావు ఆఖరి గడియలో మూర్ఛగా మారినది. 1987 ఫిబ్రవరిలో ఆప్టిమస్‌ను టెలివిజన్‌లో బ్రతికించి తీసుకురాక తప్పలేదు. వెట్టివాని పేరుతో పుట్టిన వస్తువు కోసం పిల్లలు మైల పట్టారు. వ్యాపారి లెక్క దిద్దుకున్నాడు. బొమ్మల చరిత్రలో ఇంతకంటే పెద్ద ఘట్టం మేమెరుగము.

పెద్ద బొమ్మల కాలం కూడా అప్పుడే వచ్చినది. 1986లో నగరంగా మారే ట్రిప్టికాన్ అనే రాక్షసబల్లి బ్యాటరీ మోటారుతో నడిచినది. 1987 నాటి ఫోర్ట్రెస్ మాక్సిమస్ దాదాపు రెండడుగులు. 2013లో వచ్చిన మెట్రోప్లెక్స్ రెండడుగులు దాటి, దీపాలు వెలిగించి, మాట్లాడినది. వీటన్నిటిలోనూ రూపం మార్చే పని పిల్లవాడి చేతిదే. 2021లో రోబోసెన్ అనే కంపెనీ హాస్‌బ్రో అనుమతితో చేసిన ఆప్టిమస్ ప్రైమ్ అలా కాదు. ఎత్తు 19 అంగుళాలు, లోపల 27 మోటార్లు, అయిదు వేల భాగాలు, అప్పటి వెల సుమారు 700 డాలర్లు. నోటితో ఆజ్ఞాపిస్తే చాలు, లారీ తనంతట తాను లేచి మనిషి అవుతుంది. పలికే కంఠం పీటర్ కల్లెన్‌దే. దీనిని కొన్నవారిలో పసివారి కంటే 1986లో ఏడ్చిన పసివారే ఎక్కువ కాబోలు.

యంత్రంగా అది అద్భుతమే. అయినా పదేళ్ళ పిల్లవానికి ఏది కొనవలెనని అడిగితే మేము చేతితో మార్చే బొమ్మనే చెబుతాము. తనంతట తాను మారే బొమ్మను పిల్లవాడు పది సార్లు చూస్తాడు, పక్కింటివారికి పది సార్లు చూపుతాడు. తరువాత చేయవలసినదేమీ ఉండదు. చేతితో మార్చే దానిలో మార్పు జరిగే క్షణం వాడిది. ఆ చప్పుడు కూడా నోటితో వాడే చేస్తాడు.

కొనేవారు గమనించవలసినవి కొన్ని ఉన్నవి. మన దేశంలో 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేశారు; ఎలక్ట్రిక్ బొమ్మలకు వేరే ప్రమాణం ఉన్నది. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగినది. వెల వినగానే గుండె ఝల్లుమనడానికి అదొక కారణం. బిళ్ళ బ్యాటరీలుండే బొమ్మ అయితే ఆ మూత స్క్రూతో బిగించి ఉండవలెను. పసివాడు ఆ బిళ్ళ మింగితే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అటువంటిది జరిగితే క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి పరుగెత్తవలెను. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట చిన్న ముక్కలు ఊడే బొమ్మ వద్దు. డబ్బు ఇచ్చేముందు లారీని మనిషిగా, మనిషిని మళ్ళీ లారీగా దుకాణదారుచేత మార్పించి చూడండి. తిరుగు మార్పే కష్టం. ఆయన వల్ల కాకపోతే ప్రక్కనున్న పిల్లవాడి చేతికివ్వండి.